పీపిస్ వాటా రొట్టె

ఫిదెలాకి అత్తింట్లో ఉన్న కోరిక ఒక్కటే. తన మట్టి పెనం మీద, తన చేత్తో తట్టిన మొక్కజొన్న రొట్టె కాల్చుకుని వేడివేడిగా తినాలి. నగలు కావాలని అడగలేదు, ఊళ్ళు తిప్పమనలేదు. వినేవాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఈపాటి కోరిక తీరడానికి ఆమెకి ముప్ఫై ఏళ్ళ పైనే పట్టింది. తీరిన తీరు చూశాక, తీరకపోయినా బాగుండేదని మా వీధిలో కొందరం అనుకున్నాం.

ఆమె మొగుడు లినార్దోస్ ఓడలో ఇంజను పని చేసేవాడు. ఒకసారి మెక్సికోలో వేరాక్రుజ్ రేవులో ఓడ చెడిపోయి నెలల తరబడి ఆగిపోయింది. అక్కడి రేవు బజారులో రొట్టెలు కాల్చి అమ్మే ముసలామె దగ్గర తిండికి మరిగాడు. ఆ ముసలామె మనవరాలే ఫిదెలా. తిండికి వెళ్ళినవాడు పిల్లని కూడా అడిగి చేసుకున్నాడు. అమ్మమ్మ పెట్టిన సారె ఒక మట్టి పెనం, ఒక సన్నికల్లు, దాని పొత్రం, గుడ్డలో మూటకట్టిన మిరప గింజలు. ఓడలోకి సన్నికల్లు మోసిన కూలీ, “పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నావా, సమాధిరాయి తీసుకెళ్తున్నావా బాబూ” అని లినార్దోస్‌ని ఎగతాళి చేశాడట. ఈ మాట ఫిదెలాయే మాకు చెప్పి నవ్వేది. తర్వాత్తర్వాత చెప్పడం మానేసింది.

గ్రీసు దేశంలో మా సిరోస్ ద్వీపంలో, కొండ మీది పేటలో వాళ్ళ ఇల్లు. అత్త అనెజో చెడ్డ మనిషి కాదు, అది ముందే చెప్పాలి. కోడలు గుమ్మంలోకి రాగానే రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది, శుభమని దానిమ్మపండు నేలకేసి కొట్టించింది, చిన్న చెంచాతో పళ్ళపాకం నోట్లో పెట్టింది, తన పెద్ద మంచం కొత్త దంపతులకి వదిలేసి వంటింటి పక్క గదిలోకి మారిపోయింది. అత్తని తప్పుపట్టడానికి ఫిదెలాకి ఒక్క కారణం కూడా దొరకలేదు. వారం తిరక్కుండా పొయ్యి దగ్గర వచ్చింది తంటా.

మా ద్వీపంలో మొక్కజొన్న కోళ్ళకి వేస్తారు. ఫిదెలా దాణా కొట్లో గింజలు కొనుక్కొచ్చింది. సున్నం పడితే తప్ప ఆ గింజ పొట్టు వదలదు, పిండి ముద్ద కట్టదు. ఈస్టర్ ముందు గోడలకి వేయడానికి పెరట్లో డబ్బాలో నానబెట్టిన సున్నం ఉండనే ఉంది. నిమ్మకాయంత తీసి గింజల్లో కలిపి పొయ్యి మీద పెట్టింది. పాటలు కూడా పాడుకుందట. అనెజో చర్చి నుంచి వచ్చి గుమ్మంలో ఆగింది. ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది. చెప్పులు విడవకుండా లోపలికొచ్చి, గుడ్డయినా పట్టకుండా ఉడుకుతున్న గిన్నెని ఒట్టి చేతుల్తో ఎత్తి, బయట మెట్ల పక్క కాలవలో బోర్లించింది.

“ఈ ఇంట్లో మొక్కజొన్న ఉడకదు. నేను బతికుండగా ఉడకదు” అంది.

ఫిదెలాకి అప్పటికి మా భాష పది ముక్కలు కూడా రాదు. ఈ మాట మాత్రం బాగా అర్థమైంది. అత్త అరచేతులు బొబ్బలెక్కితే తానే ఆలివ్ నూనె రాసింది. ముసలామె చేతులు చాపి రాయించుకుంది గానీ ఎందుకలా చేసిందో చెప్పలేదు. లినార్దోస్‌ని అడిగితే, మా అమ్మకి అది కోళ్ళ తిండిలే, దానికోసం గొడవెందుకు, గోధుమరొట్టె తిను అన్నాడు. అతనికీ అంతకు మించి తెలియదు. సున్నం వేసే రోజున అమ్మ పొద్దున్నే చర్చికి పోయి గోడలు ఆరాక గానీ ఇంటికి రాదని మాత్రం అతనికి చిన్నప్పట్నించీ తెలుసు. చూసిందాన్ని ఎందుకని అడగడం మగవాళ్ళకి అలవాటు లేదు.

సన్నికల్లు పెరట్లోకి పోయింది. దాని మీద తులసిలాంటి వాసిలికో మొక్క కుండీ పెట్టారు. పెనం పాత దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోశారు.

ఏళ్ళు గడిచాయి. మిరప గింజలు మొలిచాయి, ప్రతి వేసవీ డాబా మీద ఎర్రగా ఎండేవి. పక్కింటి ఓర్సొలా ఒకసారి ఆ పచ్చడి నాలిక్కి రాసుకుని చెంబెడు నీళ్ళు తాగి, “ఇది తిండా, శిక్షా” అంది. అన్నాక మళ్ళీ ఇంకొంచెం వేయించుకుంది. ఫిదెలా చిక్కుళ్ళు వండుకుంది, గోధుమపిండి పలచగా తట్టి కాల్చుకుంది. నాలుక మోసపోతుందిగానీ కడుపు మోసపోదని అనేది. మధ్యలో ఒకసారి ఏథెన్స్ నుంచి వచ్చిన ఆసామి ఎవరో రేవు దగ్గర మెక్సికో భోజనశాల అని బోర్డు పెట్టాడు. ఫిదెలా పండక్కి తయారైనట్టు తయారై, మొగుడి చెయ్యి పట్టుకుని కొండ దిగి వెళ్ళింది. వాళ్ళు పెట్టింది సంచిలోంచి తీసిన మూడుమూలల అప్పడాలు, డబ్బాలోంచి తీసిన చిక్కుళ్ళు. ఆ ఆసామి ఈమె ఎవరో తెలిసి, పువ్వుల రవిక వేసుకుని వాకిట్లో నిలబడమన్నాడు, జనం వస్తారని. ఆ మనిషి మీద నాకిప్పటికీ ఒళ్ళు మంటే. ఫిదెలా వెనక్కి తిరిగింది. మెట్లెక్కుతూ దారి పొడుగునా ఏడ్చింది.

పిల్లలు కలగలేదు. అనెజో దెప్పడం కూడా నేర్చింది. రాయి మోసుకొచ్చింది గానీ కడుపున ఒక కాయ కాయించలేకపోయిందని అనేది. నా రాయిని తిప్పనిస్తే కదా అని ఫిదెలా తిరగబడేది. ఇద్దరూ అరుచుకుని మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే గిన్నెలోంచి తినేవాళ్ళు. తినేటప్పుడు ముసలామెకి ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎంత సమృద్ధిగా ఉన్నా, అందరి చేతుల్లోకీ రొట్టె వచ్చిందని చూసుకున్నాక గానీ తను ముట్టేది కాదు. పెద్దరికం చూపిస్తోందని ఫిదెలా అనుకునేది.

ఒక శీతాకాలం లినార్దోస్ మెట్ల మీదే గుండె పట్టుకుని కూర్చుని పోయాడు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. ఫిదెలా తన దేశం వెళ్ళిపోతుందనుకున్నాం. అక్కడ అమ్మమ్మ ఎప్పుడో పోయింది, రేవు బజారే లేకుండా పోయింది. ఎవరి దగ్గరికి పోతుంది? ఉండిపోయింది. ఉండిపోయి, ముసలామె చావు కోసం ఎదురు చూసింది. ఇందులో దాచడానికేమీ లేదు, తనే ఓర్సొలాతో అంది, ముసలిది పోయిన రోజునే పెనం పొయ్యి మీద పెడతానని. ఓర్సొలా శిలువ గుర్తు వేసుకుంది. పాపమని తెలిసే అన్నానంది ఫిదెలా.

చావుకంటే ముందు మతిమరుపు వచ్చింది. అనెజోకి ముందు వీధి పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు పోయాయి. చివరికి కోడలెవరో కూడా తెలియలేదు. ఫిదెలాని చూసి ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు అని మర్యాదగా అడిగేది. ఇక దీనికి మొక్కజొన్నేంటో గోధుమేంటో ఏం తెలుస్తుందనిపించింది ఫిదెలాకి.

దాణా కొట్టుకి వెళ్ళింది. వాసిలికో కుండీ దించింది. సన్నికల్లు కడిగి కడిగి నాచు వదిలించింది. గింజలు సున్నంతో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని నూరింది. అరవయ్యేళ్ళ మోకాళ్ళు. నడుం పట్టేసినా ఆపలేదు. మొదటి రొట్టె పెనం మీద పడింది, తిరగేసింది, బూరెలా పొంగింది. వాళ్ళ దేశంలో రొట్టె పొంగితే పిల్లకి పెళ్ళీడు వచ్చిందంటారు. ఫిదెలా ఒక్కతే వంటింట్లో నవ్వుకుంది.

వెనక అడుగుల చప్పుడైంది. మంచం దిగలేని మనిషి గోడలు పట్టుకుని నడిచొచ్చింది. ఫిదెలా పొయ్యికి అడ్డంగా నిలబడింది, ఈసారి బోర్లించనివ్వనని. అనెజో బోర్లించలేదు. చెయ్యి చాపింది. కాలుతున్న రొట్టె లాక్కుని, రవికలోకి దోపుకుని, గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

“అమ్మకి చెప్పకు. ఇది పీపిస్‌కి.”

పీపిస్ ఎవరని అడిగింది ఫిదెలా.

“మా తమ్ముడు. వాడికి లేవడానికి ఓపిక లేదు. నిన్న అమ్మ ఇద్దరికీ చెరో ముక్కా ఇచ్చింది. వాడు నిద్రపోయాడు. నాకు ఆకలేసింది. వాడి ముక్క కూడా తినేశాను.”

ఏడేళ్ళ పిల్ల ఒప్పుకున్నట్టు ఒప్పుకుంది. మిగతాది ఓర్సొలా తన తల్లి దగ్గర విన్న ముక్కలతో పూర్తి చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ సైన్యం దిగిన ఏడాది చలికాలం ద్వీపానికి ఓడలు ఆగిపోయాయి, గడ్డి కూడా మిగల్లేదు. ఎప్పుడైనా దొరికితే పురుగు పట్టిన మొక్కజొన్నపిండితో రొట్టె. అనెజో తమ్ముడు ఆరేళ్ళవాడు, ఆకలితో నిద్రలోనే పోయాడు. పొద్దున్న మునిసిపాలిటీ బండి వచ్చి వాణ్ణి తీసుకుపోయింది. బండి వెంట పరిగెత్తిన పిల్ల, గోతిలో వాడి మీద సున్నం చల్లడం చూసింది. మొక్కజొన్న, సున్నం. రెండూ కలిపిన గిన్నెని కోడలు పొయ్యి మీద పెట్టింది. తెలియక పెట్టింది, ముప్ఫై ఏళ్ళు తెలియకుండానే ఆ ముసలిదాన్ని తిట్టుకుంది.

ఆ తర్వాత రోజూ రొట్టెలు కాల్చమనేది అనెజో. కాల్చకపోతే ఏడుపు. కాల్చినవన్నీ తీసుకుని ఎక్కడో దాచేది. ఫిదెలా ఒకటి నోటి దగ్గరికి తీసుకుంటే చాలు, అది వాడిదని మీద పడి లాక్కునేది. కోరిక తీరే రోజు వచ్చిందిగానీ ముద్ద మాత్రం నోటిదాకా రానే లేదు. పోనీలే అనుకుంది ఫిదెలా, దాని తమ్ముడి తిండి దాన్నే దాచుకోనీ.

అయితే అసలు గండం అది కాదు. పీపిస్ తినందే తను తిననని నోరు మూసేసింది ముసలామె. సూప్ పెడితే పీపిస్ తిన్నాడా అని అడిగేది.

“తిన్నాడు అత్తా. కడుపునిండా తిన్నాడు, పడుకున్నాడు” అనేది ఫిదెలా.

కొన్నాళ్ళు ఆ అబద్ధంతో రెండు చెంచాలు దిగేవి. తర్వాత ఒక రోజు అనెజో ఆమె ముఖంలోకి తేరిపార చూసింది.

“అబద్ధం. వాణ్ణి బండిలో వేయడం నేను చూశాను” అంది.

ఇక నోరు తెరవలేదు. డాక్టరు వచ్చి, ముసలితనంలో ఇలా తిండి మానేస్తారు, బలవంతం చేయకండి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఫిదెలా బతిమాలింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. ఎవరి చావు కోసం ఎదురు చూసిందో ఆ మనిషిని బతికించమని మేరీమాత ముందు మోకరిల్లింది. ఇంట్లో మూడు కుటుంబాలకి సరిపడా తిండి ఉండగా అనెజో ఆకలితో చచ్చిపోయింది. శవాన్ని కడిగేటప్పుడు చూశాం, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

పాతిపెట్టి వచ్చాక కాఫీలు, బ్రాందీ అయ్యాయి, జనం వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం ఫిదెలా ముసలామె పరుపు ఎండలో వేద్దామని ఎత్తింది. కింద రొట్టెలు. దిండు గలీబుల్లో రొట్టెలు, మేరీమాత బొమ్మ వెనక రొట్టెలు. బూజు పట్టలేదు, మా కొండగాలికి ఎండి పెంకుల్లా వంకర తిరిగాయి. ఒళ్ళో పోసుకుని వంటింట్లోకి తెచ్చింది. చెత్తబుట్ట మూత తీసి ఆగిపోయింది. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో రొట్టె పారేయడమనేది లేదు. నిన్నటి రొట్టె, మొన్నటి రొట్టె విరిచి నూనెలో వేయించి, మిరపకాయల పులుసులో పడేసి పొద్దున్నే తినడం వాళ్ళకి అలవాటు. పారేసిన పిల్ల చేతి మీద వాత పెట్టేది ఆ ముసలామె.

ఫిదెలా నూనె కాచింది. రొట్టెలు విరిచి వేయించింది. డాబా మీది ఎండుమిరపకాయలు, టమాటాలు నూరి పులుసు కాచి, అందులో ముక్కలు వేసింది. అనెజో కూర్చునే కుర్చీలో కూర్చుంది. మొదటి ముద్దకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. అచ్చం ఇంటి రుచి, రేవు బజారులో అమ్మమ్మ చేతి రుచి. ఒక్క పిసరు తేడా లేదు.

సగం తిన్నాక చెయ్యి ఆగింది. ఆ ముక్కలు ఎవరికోసం దాచినవో అప్పుడు గుర్తొచ్చింది.

నిన్న కాఫీలకి ఇచ్చిన తన గిన్నెలు తీసుకుపోదామని వచ్చిన ఓర్సొలా గుమ్మంలో నిలబడిపోయింది. ఏంటే అది, ఒక్కదానివే ఏం తింటున్నావని అడిగింది. ఫిదెలా తల ఎత్తలేదు.

“పీపిస్ వాటా” అంది. “నాకు ఆకలేసింది.”

చెప్పి, పళ్ళెంలో మిగిలింది కూడా తినేసింది.