అత్తమ్మా, నేనూ, ఒక పల్సారూ

సాయంత్రం అయిదూ నలభైకి రావలసిన మద్రాసు ఎక్స్‌ప్రెస్ వరంగల్ స్టేషన్లోకి ఆరున్నరకు వచ్చింది. అప్పటికే మా అత్తమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని ప్లాట్‌ఫారం మీద నలుగురితో చుట్టరికం కలిపేసింది. నేను మాత్రం గడియారం చూసి చూసి ఒళ్ళు మండి ఉన్నాను.

ఎనభైల తొలినాళ్ళు, మాఘమాసం. నేను ఫిజిక్సులో పరిశోధన చేస్తున్నాను. ఊటీ కొండ మీదున్న పెద్ద రేడియో టెలిస్కోపుతో ఒక పల్సార్‌ను రికార్డు చేయడానికి నాకు మూడు రోజులు, రోజుకు అరగంట చొప్పున ఇచ్చారు. పట్టుకుంటే ఏడాది పొడవునా సమయం దొరుకుతుంది. పట్టుకోలేకపోతే "ఇంకో సబ్జెక్టు చూసుకోవమ్మా" అని మా గైడు ముందే చెప్పేశారు. నా రెండేళ్ళ కష్టం ఆ గంటన్నర చేతిలో ఉంది.

పెళ్ళయి మూడు నెలలే. కొత్త కోడల్ని ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. హనుమకొండ చౌరస్తాలో మాది బట్టల దుకాణం. పేరుకు మా ఆయనదే గానీ నడిపేది అత్తమ్మ. "దుకాణం వాడు సూసుకుంటడు. నేను పోత తియ్. చుక్కలు సూసుడంటే రాత్రంత మేలుకోవాలె గద, తోడుండాలె" అంది. అది కంటితో చూసేది కాదనీ, రేడియోలా అందుకునేదనీ, మా పని పొద్దున పదకొండు గంటలకనీ చెప్పాను.

"పట్టపగలు చుక్కలు సూపెడుతదట! నా కొడుకు గీ పిల్లను యాడ దొరకబట్టిండో" అని పగలబడి నవ్వింది.

రైల్లో మా ఎదుట మడికొండ రైతొకాయన, విజయవాడలో దిగవలసినవాడు. అత్తమ్మ కట్టిన జొన్నరొట్టె తింటూ "ఏం పని మీద పోతాండ్లమ్మా?" అని అడిగాడు. పల్సార్ అంటే చచ్చిపోయిన నక్షత్రమనీ, ఒక ఊరంత సైజుకు కుంచించుకుపోయి గిర్రున తిరుగుతుందనీ, తిరిగినప్పుడల్లా దాని రేడియో తరంగాలు ఒకసారి మనల్ని తాకిపోతాయనీ, అది నాడి కొట్టుకున్నంత నిక్కచ్చిగా ఉంటుందనీ వివరించాను.

"సచ్చినదానికి నాడేంది బిడ్డా?" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "సచ్చినా తిరుగుడు మానలే గద, గందుకే కొట్టుకుంటాంది." ఆయనకు అది చాలింది.

మద్రాసు చేరేసరికి మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. అక్కడి నుంచి ఊటీ కొండ కిందున్న మెట్టుపాళయం బండి రాత్రి తొమ్మిదికి గానీ లేదు. ఈ దారిన పోయేవాళ్ళు స్టేషన్ దగ్గరి సత్రంలో గది తీసుకుని పడుకోవడం మేలు. మేం ఆ తెలివి లేక బట్టల బజారు తిరిగాం. అత్తమ్మ ప్రతి దుకాణంలో బట్టల తానులు విప్పించి, ఎండలో పట్టి చూసి, ఏదీ కొనకుండా బయటికొచ్చింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు మెట్టుపాళయంలో కొండ రైలెక్కాం. ఆ బండికి ఇంజను వెనక ఉండి తోస్తుంది, కాబట్టి ముందు పెట్టెలో కూర్చోండి, పొగ తగలదు. పన్నెండున్నరకు ఊటీలో దిగితే ఎముకలు కొరికే చలి. స్వెట్టరు లేకుండా మాత్రం పోకండి. టెలిస్కోపు ఊరికి దూరం. బస్సు దిగి కాస్త నడవాలి.

కొండ వాలు మీద అర కిలోమీటరు పొడవున ఇనుప చట్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య సన్నటి ఉక్కు తీగలు వందలకొద్దీ బిగించి ఉన్నాయి. నేను వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అత్తమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "పడుగు మంచిగ పోసిండ్లు. మరి పేకేది?" అంది.

అక్కడి ఇంజనీరు రెడ్డప్పగారిది చిత్తూరు వైపు. మొదటి రోజు పదకొండూ పదికి మా నక్షత్రం వంతు. రెండో రోజు పదకొండూ ఆరుకే, ఎందుకంటే నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందొస్తాయి. రికార్డు చేసే యంత్రంలో పొడవాటి కాగితం పరుగెత్తుతుంటే పెన్ను దాని మీద వణుకుతూ గీత గీసేది. మా పల్సార్ మరీ నీరసమైనది. దాని ఒక్కో నాడి దెబ్బా ఆ వణుకులో కలిసిపోతుంది. అందుకని నక్షత్రం ఒక చుట్టు తిరిగేలోపు ఎంత కాగితం నడవాలో లెక్కగట్టి, జానెడేసి ముక్కలుగా కోసి, అన్నిటి ఎత్తులూ కలపాలి. నిజంగా నాడి ఉంటే కలిపిన చోట ఒక గుట్ట లేస్తుంది.

రెండు రోజులూ కలిపాను. గుట్ట లేదు, గిట్ట లేదు. నున్నగా మైదానం.

రెండో రోజు మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌లో నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, అత్తమ్మ నా వెనక చప్పుడు లేకుండా ఏదో సర్దుతోంది. చిందరవందరగా పడి ఉన్న కాగితం ముక్కల్లో ఒక అరవైని, నేను వేసిన అంకెల వరస తప్పకుండా ఒకదాని కింద ఒకటి మంచం మీద పరిచింది. దుకాణంలో చీరల మడతలు సర్దే అలవాటు మరి.

"సుజాతా, లే. గీ చార వంకరగ పోతాంది."

"ఏ చార అత్తమ్మా? నన్ను వదిలెయ్యండి" అని విసుక్కున్నాను.

"నన్ను కసురుకుంటె చార సక్కగైతదా? ఇటు సూడు. పైన కుడిపక్కకున్నది, కిందికొచ్చేసరికి ఎడమకొచ్చింది. తానుల చార గిట్ల వంకరగొస్తె బట్టది తప్పు కాదు బిడ్డా, మనం మడతేసిన కొలత తప్పు. జరంత ఎక్కువ కోసినవ్."

లేచి చూశాను. ఒక్కో ముక్కలో ఏమీ లేదు. కానీ మంచం కాళ్ళవైపు నిలబడి మొత్తం చూస్తే, చిన్న చిన్న ఎత్తులు మెట్లుమెట్లుగా ఎడమకు దిగుతున్నాయి.

కాగితం అంచున సెకను సెకనుకూ చుక్క పెట్టే ఇంకో పెన్ను ఉంటుంది. నేను ఆ చుక్కల మధ్య దూరం ఒక్కసారైనా కొలవలేదు, యంత్రం పుస్తకంలో రాసిన కాగితం వేగాన్నే నమ్మాను. కరెంటు మందగించినప్పుడు కాగితం కూడా మందగిస్తుంది. ఇప్పుడు కొలిస్తే తేడా బయటపడింది. తప్పు యంత్రానిది కాదు, నాది. కొత్త కొలతతో ముక్కలు సరిచేసేసరికి చార నిట్టనిలువుగా నిలబడింది. నేను అత్తమ్మ మెడ పట్టుకుని మళ్ళీ ఏడ్చాను.

రెడ్డప్పగారు చూసి తల ఊపారు గానీ పొంగిపోలేదు. "మనం జరిపితే ఏ గీతైనా వస్తాదమ్మా. రేపు ముందుగానే కొలత పెట్టుకుని తీయండి. టెలిస్కోపును నక్షత్రం పక్కకు తిప్పి కూడా ఒకతూరి తీయల్ల. అప్పుడు చార రాకూడదు."

"గంతే గద మరి. ఇంకో తాను ఇప్పకుంట సరుకు కొంటరా?" అంది అత్తమ్మ. వాళ్ళిద్దరికీ భలే కుదిరింది.

మూడో రోజు పదకొండూ రెండు. ముందు చుక్కల దూరం కొలిచాను, తర్వాతే కోశాను. నక్షత్రం వైపు తీసిన ముక్కల్లో చార నిలువుగా ఉంది. పక్కకు తిప్పి తీసినవాటిలో ఏమీ లేదు. పల్సార్ దొరికిందని రెడ్డప్పగారు మా గైడుకు ఉత్తరం రాసి నా చేతికిచ్చారు. బస్సులో దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

తిరుగు ప్రయాణంలో నెక్కొండ దాటేసరికి తెల్లవారింది. పక్కనున్న ఒకావిడ అత్తమ్మను "యాడికి పోయొచ్చిండ్లక్కా?" అని అడిగింది. "మా కోడలికి చుక్కల కాడ పనుండె" అంది అత్తమ్మ, పాలకు పోయొచ్చినంత మామూలుగా. ఆరు రైళ్ళెక్కిన అలసటంతా ఆ మాటతో పోయింది.

మూటలు సర్దుతూ అత్తమ్మే మళ్ళీ అందుకుంది. "ఆషాఢంల పెండ్లిళ్ళుండయి, గిరాకి ఉండది. గప్పుడు పోదాం."

"అప్పటికి మన నక్షత్రం అర్ధరాత్రి దాటాక వస్తుంది అత్తమ్మా."

"మంచిదే. తోడుండాలని నేను ముందే చెప్పలే?"

నాకు నవ్వాగలేదు. "కొత్త కోడలు ఆషాఢంలో అత్తతో కలిసి ఒకే గడప దాటొద్దంటారు కదా?"

అంతలో వరంగల్ స్టేషన్ వచ్చేసింది. పెట్టె నా చేతికిచ్చి, ముందుగా దిగుతూ అంది.

"గా తీగలకు గడపేడున్నదే? నడువ్. ఈసారి దుకాణంల గజం బద్ద కూడ పట్టుకపోదాం."