అద్దం లేచినప్పటి చీకటి

మా ఫొటో అన్న పోయాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురు సందులో ముప్పై ఏళ్ళకు పైగా స్టూడియో నడిపిన మనిషి. పొద్దున్నే వదిన ఫోన్ చేసి, "మీ అన్న నిద్రలకెళ్ళి లేవలే చెల్లె" అన్నది.

మధ్యాహ్నానికి ఊరి వాట్సాప్ గ్రూపుల నిండా ఆయన ఫొటో, దాని కింద 'గొప్ప కళాకారుడు'. ఇలా రాసినవాళ్ళలో సగం మంది బతికున్నన్నాళ్ళూ ఆయన్ని "ఏయ్ ఫొటో" అని కేకేసినవాళ్ళు. పెండ్లిలో అందరి పంక్తులూ లేచాక, అడుగున మిగిలింది ఆయన విస్తట్లో వేసినవాళ్ళు. నాకు కోపం వచ్చింది. కోపం నాకు కొత్త కాదు, పాతికేళ్ళుగా పత్రికల్లో రాస్తున్నది దాంతోనే. కానీ ఈసారి కోపంతో రాద్దామని కూర్చుంటే ముందుకు సాగలేదు. ఎంతోమందితో ఎన్నో వాదనలు పెట్టుకున్నాను, గెలిచాననే అనుకుంటూ వచ్చాను. పూర్తిగా ఓడిపోయింది ఒక్క ఈయన దగ్గరే. అదీ ఒక కెమెరా విషయంలో. ఆ సంగతే మీకు చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. నేను డిగ్రీలో ఉండగా మా ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళు కూలి పెంచమని పని ఆపారు. ఒక్క పత్రికా పట్టించుకోలేదు. ఫొటో ఉంటే వేసేవాళ్ళమన్నారు. అయితే నేనే తీస్తానని పంతానికి పోయి స్టూడియో మెట్లెక్కాను. "నేర్పిస్తవా అన్నా?" అంటే నన్ను పైకీ కిందికీ చూసి, "నేర్పిస్త గని, జర నోరు తక్కువ చెయ్యాలె. మాట్లాడుకుంట తీస్తే చెయ్యి అదురుతది" అన్నాడు.

ఆడపిల్లకు ఫిలిం కడిగే చీకటి గదిలో ఏం పని అని సందులో గుసగుసలు పుట్టాయి. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. మర్నాడు వదినను తీసుకొచ్చి గదిలో నా పక్కన నిలబెట్టాడు. "ఇద్దరు నేర్సుకోండ్రి. అడిగెటోళ్ళ నోరు మూతవడ్తది." వదినకు నాకంటే ముందే పని వచ్చింది. నాకు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

ఆయన ఎవరినీ నవ్వమని అడగడు. పింఛను కాగితాలకు ఫొటో దిగడానికి ముసలమ్మలు వచ్చి, బిగుసుకుపోయి కూర్చుంటారు. ఆయన కెమెరా వెనక నుంచి, "ఇయ్యాల ఏం కూరనే అవ్వా?" అంటాడు. "ఏమున్నది కొడుకా, గోంగూర" అని ఆమె చెప్పి నోరు మూసుకున్న మరుక్షణం మీట నొక్కుతాడు. ఆ క్షణంలో ఆమె ముఖం ఆమెదే అయి ఉంటుంది. ఈ ఇలాకాలో ఎందరి ఇళ్ళల్లోనో గోడ మీద దండ వేసిన ఫొటోల్లో ఉన్న ముఖం, పొద్దుటి కూర పేరు చెప్పి ఊరుకున్న ముఖమే.

ఇక నా పెండ్లి. మాది భూములున్న ఇల్లు. నేను చేసుకున్నాయనది చెరువులో వల వేసే ఇల్లు. మంత్రాలు లేవు, తాళి లేదు, చిన్న హాల్లో దండలు మార్చుకున్నాం. మా వాళ్ళంతా రామన్నారు. అమ్మ మాత్రం ఎట్లా వచ్చిందో వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా, అన్నం తినకుండా వెళ్ళిపోయింది. నన్ను శపించడానికే వచ్చిందనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సులువు, మొదట్నుంచీ నాకు శత్రువులు స్పష్టంగా ఉండాలి.

వారం తర్వాత ఫొటో అన్న ఒక ప్రింటు నా చేతిలో పెట్టాడు. దండలు మార్చుకుంటున్న మా ఇద్దరి మధ్య సందులోంచి, దూరంగా అమ్మ. కొంగు పండ్ల మధ్య పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి, జనం తలల మీదుగా నన్ను చూస్తూ ఉంది. ఆ చూపులో శాపం లేదు. బడి వార్షికోత్సవంలో వేషం కట్టిన బిడ్డను తల్లి ఎట్లా చూస్తుందో అట్లా ఉంది.

"నువ్వెట్ల చూసినవ్ అన్నా?"

"నేను సూడలే చెల్లె. గప్పుడు నాకు చీకటుండె."

ఆ రోజే నాకు అర్థమయ్యేలా చెప్పాడు. కెమెరాలో ఒక చిన్న అద్దం ఉంటుంది. ఎదుట ఉన్నదాన్ని మన కంటికి చేరవేసేది అదే. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేచి వెలుగును ఫిలిం మీదికి వదులుతుంది, మళ్ళీ దిగుతుంది. లేచి దిగే ఆ రెప్పపాటు, తీసేవాడి కంటికి అంతా చీకటి. అంటే, ఫొటోలో పడిన క్షణాన్ని తీసినవాడు చూడడు. దానికి ముందు క్షణం చూస్తాడు, తర్వాతి క్షణం చూస్తాడు.

ఆ ఫొటో పట్టుకుని నేను మా ఇంటికి పోయాను. అమ్మ తలుపు తీసింది. మిగతాది మా ఇంటి సంగతి.

ఫిలిం పోయి డిజిటల్ వచ్చినప్పుడు ఫొటో అన్న పెద్దగా బాధపడలేదు. డీఎస్సెల్లార్ కెమెరా కొన్నాడు. ఫిలిం పోయినా లోపల అద్దం అట్లాగే ఉంది. తర్వాత అద్దం లేని కెమెరాలు, మిర్రర్‌లెస్‌లు వచ్చాయి. ప్లాట్లు అమ్మిన డబ్బులు చేతికొచ్చిన ఇండ్లల్లో పెండ్లి కుదిరితే ముహూర్తం కంటే ముందు కెమెరా పేరు అడగడం మొదలైంది. రెండేళ్ళ కిందట ఒకరోజు నన్ను పిలిచాడు.

"మార్వాల్నా వద్దా? నువ్వు సదువుతవ్ గద, చెప్పు."

"ఉన్నది మంచిగ పనిచేస్తుందా లేదా?"

"చేస్తుంది."

"మరెందుకు?"

"అడుగుతుండ్రు చెల్లె."

ఇంక నేను ఆగుతానా! పనిచేసే వస్తువును పాతదని నమ్మించడమే బజారు పని అన్నాను. ఇన్నేళ్ళు కూడబెట్టిన లెన్సులను మూలకు తోయించే ఎత్తు అన్నాను. చేతిపని వచ్చినవాణ్ణి పనిముట్టుకు బానిసను చేస్తున్నారన్నాను. అంతటితో ఊరుకోక, వ్యాసం కూడా రాశాను. 'ఒక చిన్న పట్టణపు ఫొటోగ్రాఫర్' అని ఆయన్నే ఉదాహరణగా పెట్టాను. పత్రిక తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, మెచ్చుకుంటాడని నిలబడ్డాను.

ఆయన ఆసాంతం చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మస్తు రాసినవ్. అండ్ల నేనేడున్న?" అన్నాడు.

"నీ గురించే కద అన్నా!"

"నాకెందుకు కావాల్నో నన్నడిగినవా? అడుగుతుండ్రు అన్న. ఎవ్వలడుగుతుండ్రో చెప్పనిచ్చినవా? సూడు చెల్లె, నేను సూడకుంట తీస్త, నువ్వు సూడకుంట రాస్తవ్. నేను సూడలేదని నాకెర్కనే. నీకు ఎర్క లేదు."

నా మీద వచ్చిన విమర్శలన్నీ ఒక సంచిలో వేసి తూచినా ఈ మాట బరువుకు రావు.

అప్పుడు అడిగాను, ఎందుకు కావాలని. ఆయన చెప్పింది ఇది. అంతకుముందు ఏడే ఆయన గుండెకు స్టెంట్లు వేశారు. కెమెరా సంచీ మోయొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. "ఈ ఎండకాలం పెండ్లిళ్ళు అయినంక నేను బయటికి పోను. ఇన్ని పెండ్లిళ్ళు తీసిన గని, ఒక్క ముడి వడంగ సూడలే. సక్కగ మూడు ముళ్ళు వడే యాళ్ళకు నొక్కుత, అద్దం లేస్తది, చీకటి. అద్దమే అడ్డం నాకు. గీ కొత్తదాంట్ల చీకటి రాదంట గద? అడిగేటిది పెండ్లి పార్టీలు కాదు చెల్లె, నా కన్ను. ఒక్కపారి సూసి బంద్ జేస్త."

నేను ఊరుకోలేదు, ఊరుకోవడం నాకు రాదు. "కెమెరా పక్కకు జరిపి చూడరాదా?" అన్నాను. "ముడి పడేటప్పుడు కెమెరా జరిపినోన్ని పెండ్లోళ్ళు బతకనిస్తరా?" అన్నాడు. "కెమెరా వెనకున్న తెర మీద చూస్తూ తీయొచ్చు కదా?" అన్నాను. "చేతులు సాపి నిలవడితే జనం మోచేతులు తాకి కెమెరానే కిందవడ్తది. నువ్వు ఎన్ని పెండ్లిళ్ళు తీసినవని చెప్తున్నవే?" అన్నాడు.

తుక్కుగూడలో ఆయనకు తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకడు ఉన్నాడు, నలభై దగ్గరికి వచ్చినవాడు. అతను వీడియో తీసుకుంటూ తన మిర్రర్‌లెస్‌ను ఒక పూటకు ఇస్తానన్నాడు. యాచారంలో పెండ్లి. నేనూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే, నా వాదన నెగ్గుతుందేమో చూద్దామని వెళ్ళాను.

ముహూర్తం వచ్చింది. బ్యాండు చెవులు పగలగొడుతోంది. పెండ్లిపిల్ల వెనక నుంచి పిల్లగాడు తాళి కడుతున్నాడు. ఫొటో అన్న కుడికంటికి కెమెరా ఆనించి, ఎడమకన్ను మూసి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా నిలబడినట్టే. నేను ఆయన వేలినే చూస్తున్నాను. ఒక ముడి పడింది. రెండో ముడి పడింది. మూడోది కూడా పడింది. వేలు కదలలేదు.

కెమెరా దించాడు. ఆ ముఖం ఎట్లా చెప్పను? కొండ మీది నుంచి మొదటిసారి సముద్రం చూసినవాళ్ళ ముఖం అట్లా ఉంటుందేమో.

"ఫొటోలు ఎట్ల పడ్డయన్నా?"

"తియ్యలే."

పెండ్లిపిల్ల మేనమామ విన్నాడు. "తాళి ఫొటో తియ్యలేదా? మరి ఏం చేసినవయ్యా గంతసేపు?"

"సూసిన పటేలా. మస్తుగుండె."

"నిన్ను సూడనీకి పిలిచినమా? సూసెటోళ్ళు మేం లేమా?"

"మల్ల కట్టించుండ్రి మరి, ఈపారి తీస్తడు" అని పెండ్లిపిల్ల నాయనమ్మ కిసుక్కుమంది. మేనమామ తప్ప అందరూ నవ్వారు. తుక్కుగూడ అతని వీడియోలోంచి ఒక బొమ్మ తీసి ఆల్బంలో పెడతామని చెప్పి గండం గట్టెక్కాం.

తిరుగు ఆటోలో ఆయన నా పక్కన కూర్చున్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు చెప్పాడు. "రెండో ముడికి పిల్లగాని చెయ్యి అదిరింది. దారం జారింది. ఆ పిల్ల తలకాయ ఎత్తకుంటనే, జడ సదురుకుంటున్నట్టు చెయ్యి ఎనకకు పెట్టి, జారిన కొసను రెండు ఏళ్ళతోని వట్టి ఆని చేతికిచ్చింది. ఎవ్వలు సూడలే. ఆనికి గూడ ఎర్కనో లేదో."

నాకు నోటి దాకా వచ్చింది. తాళి అంటేనే ఆడదాని మెడకు... అని మొదలుపెట్టబోయాను. "అన్నా, అసలు ఆ తాళి..."

"జర ఆగు చెల్లె" అన్నాడు. గొంతులో విసుగు లేదు, బతిమాలుకోలు ఉంది.

ఆగాను. తాళి మీద నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ అదే. కానీ ఆ దారపు కొసను పట్టుకున్న రెండు వేళ్ళ గురించి నా దగ్గర ఏ వ్యాసమూ లేదు.

వారం తర్వాత అడిగాను, ఏ కెమెరా తీసుకుంటున్నావని. "ఏదీ లేదు. సూస్కుంట తియ్యనీకి నాకు రాదని తేలిపాయె. అందరికీ రాదని కాదు, నాకు రాదు. ఇన్నొద్దులు తీసిన, ఇగ సూస్త" అన్నాడు. స్టూడియో వదినకు అప్పజెప్పాడు. వదిన నెల తిరగకుండా పాతది పక్కన పెట్టి, బరువు తక్కువని మిర్రర్‌లెస్సే కొన్నది. ఎవరినీ అడగలేదు. నా వ్యాసం ఆమె చదివిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆ తర్వాత రెండు వేసవులు ఆయన పెండ్లిళ్ళకు ఖాళీ చేతులతో వెళ్ళాడు. పిలిచిన ఇంటికీ, పిలవని ఇంటికీ. ఈసారి మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టినవాళ్ళు ఉన్నారు. ఎవరని అడిగినవాళ్ళూ ఉన్నారు. వచ్చి నాకు చెప్పేవాడు, ఏ ముడికి ఎవరు ఊపిరి బిగబట్టారో, ఏ తండ్రి ముడి చూడలేక పందిరి గుంజ వైపు తిరిగాడో. తెలంగాణలో పెండ్లి అంటే ఏమిటో నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఎక్కువ ఆయన నాకు స్టూడియో బల్ల మీద, చల్లారిన చాయ్ ముందు పెట్టుకుని చెప్పాడు. కళాకారుడన్న మాట ఇప్పుడు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు.

చివరగా ఆయనతో కలిసి వెళ్ళింది పోయిన నెల పెండ్లికి. ఊళ్ళోనే. ముహూర్తం దగ్గరపడగానే కుర్చీలోంచి లేచి మంటపం అంచు దాకా పోయాడు. నేనూ వెంట పోయాను. ఫొటోలు తీస్తున్నవాడు, "పెద్దాయనా, జర పక్కకు జరుగు, ఫ్రేముల వడ్తున్నవ్" అని రెండుసార్లు అరిచాడు. ఈయనకు వినపడలేదు. నేనూ చెయ్యి పట్టి లాగలేదు. మేళం జోరందుకుంది. నాలుగు దిక్కుల నుంచీ అక్షింతలు వానలా లేచాయి. గింజలు కండ్లల్లో పడతాయని జనమంతా ఒక్కసారి కండ్లు మూసుకున్నారు. నేను ముడి చూడలేదు, ఆయన్నే చూస్తున్నాను. నుదుటి మీద, మీసం మీద, కనుబొమల మీద పసుపు గింజలు రాలుతున్నాయి. ఒక గింజ వచ్చి రెప్ప వెంట్రుకల మీద నిలిచింది. ఆయన రెప్ప వెయ్యలేదు.