దాసప్ప తుపాకీకి ముట్టె

మా దాసప్ప బావను తలుచుకుంటే నాకు ఇప్పటికీ మొదట కోపమే వస్తుంది. ఏడుపు ఆ తర్వాత. పావుగంట పని అది. నాలుగు మరలు బిగిస్తే అయిపోయేది. ఆ పావుగంట పని కోసం ఆ మహానుభావుడు రెండున్నరేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఏమిటో తెలియాలంటే మా బావ కథ వినాలి.

కదిరి బస్టాండు వెనక సైకిల్ షాపు నాది. దాసప్ప మా అక్క సిద్దమ్మ మొగుడు. మిలిట్రీలో పద్దెనిమిదేళ్లు పెద్ద ఫిరంగుల దగ్గర పనిచేసి, హవల్దారుగా డెబ్బై రెండులో ఇంటికొచ్చాడు. కొండ కింద అయిదెకరాల మెట్ట ఇచ్చింది సర్కారు. అందులో వేరుశనగ వేసేవాడు. కొండ మీద అడవి పందులు. కాయ ఊరే వేళకు దిగి, ముట్టెలతో సాళ్లకు సాళ్లే పెళ్లగించి పోయేవి. అందుకని పంట కాపలాకు లైసెన్సు తీసి ఒక రైఫిలు కొనుక్కున్నాడు. ఊళ్లో అందరికీ ఆయన మిలిట్రీ దాసప్ప.

చట్టం అంటే ఆయనకు అంత పిచ్చి. ఆ కాలంలో చీకటి పడితే సైకిలుకు లైటు ఉండాలని రూలు. ఎవడు పాటించాడు? మా బావ పాటించాడు. దారిలో డైనమో చెడిపోతే దిగి, ఊరిదాకా మూడు మైళ్లు సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. ఆ దారిలో పోలీసు కాదు కదా, కుక్క కూడా ఉండదు. మరునాడు బాగుచేయించుకోవడానికి వస్తే, "ఎవరు చూస్తారు బావా, ఎక్కి రాకూడదా?" అన్నాను.

"నేను చూస్తాండా గదప్పా," అన్నాడు.

అలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

డెబ్బై ఎనిమిదిలో గడ్డివాము మీద నుంచి పడి కుడి భుజం ఎముక విరిగింది. పుత్తూరు కట్టు కట్టించాం. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఆ తర్వాత మొదటిసారి రైఫిలు పేల్చిన రోజు, అది వెనక్కి తన్నిన తన్నుకు మనిషి గట్టు మీద కూలబడ్డాడు. భుజం గుమ్మడికాయలా వాచి పదిహేను రోజులు అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయాడు. ఎడమ భుజానికి ఆనించి కొడదామంటే ఎడమ కంట్లో పువ్వు. గురి కుదరదు.

అప్పుడు ఆయనకు తన ఫిరంగులు గుర్తొచ్చాయి. పెద్ద ఫిరంగి మూతికి ఇనుప తొడుగు ఒకటి ఉంటుందట. దానికి పక్కల రంధ్రాలు. గుండు పోయాక వెనకొచ్చే మంటా గాలీ ఆ రంధ్రాల్లోంచి పక్కలకు పోతాయి. వెనక్కి తన్నడం సగానికి సగం తగ్గుతుంది. దాన్ని ఆయన మజిల్ బ్రేకు అనేవాడు. మా ఊరివాళ్లు తుపాకీ ముట్టె అన్నారు.

కదిరిలో లేతు మిషను పెట్టుకున్న శివప్ప నా స్నేహితుడు. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో బావ నోటు పుస్తకంలో బొమ్మ గీసి తెచ్చాడు. శివప్ప పాత లారీ ఇరుసు ముక్క తీసుకుని ఒక మధ్యాహ్నంలో దాన్ని తయారుచేశాడు. గొట్టాన్ని కొయ్యడం లేదు, తొలవడం లేదు. మూతికి తొడిగి నాలుగు మరలు బిగించడమే. చేతిలో పెడితే నల్లగా, నున్నగా, ఎంత ముచ్చటగా ఉందో!

"ఇంగ ఇంటికి పొయ్యి బిగించుకో అన్నా," అన్నాడు శివప్ప.

బావ దాన్ని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "కాగితం రానీ," అన్నాడు.

"ఏం కాగితం?"

"లైసెన్సులో తుపాకీ పొడవు రాసిండారు. ఇది తొడిగితే మూడంగుళాలు పొడుగైతాది. రాసిండేది ఒకటి, ఉండేది ఒకటి అయితే తప్పు గాదా?"

"ఎవురన్నా టేపు పెట్టి కొలుస్తారా బావా?" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చుట్టుపక్కల నాలుగు తుపాకులుండాయి. ఒకడు పగిలిన కట్టెను కట్టుడు తీగతో కట్టుకున్యాడు, ఒకడు సూది విరిగితే మేకు పెట్టి పేలుస్తాండాడు. ఎవుడన్నా అడిగినాడా?"

"వాళ్లను అడగకపోతే నాకేం? నన్ను నేను అడగాల గదా."

అడగడానికి పోయాడు. కొరివితో తల గోక్కోవడానికి స్వయంగా స్టేషను మెట్లెక్కాడు.

స్టేషను రైటరు అర్జీ చదివి, "తుపాకీకి బ్రేకేందప్పా, బస్సా?" అని నవ్వాడు. బావ నవ్వలేదు. బొమ్మ గీసి చూపించాడు. రైటరుకు అర్థం కాలేదు. అర్థం కాని కాగితం ఏం చేస్తారు? పైకి పంపిస్తారు. నాలుగు నెలలకు పైనుంచి జవాబు వచ్చింది: తనిఖీ కోసం తుపాకీని స్టేషనులో అప్పగించవలెను. బావ తుడిచి, నూనె పెట్టి, అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. ఎనభై జనవరిలో ఓట్లు వచ్చాయి. ఓట్లప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో పెట్టాల్సిందే కాబట్టి తక్కిన నాలుగూ వచ్చి దాని పక్కన చేరాయి. ఓట్లయిపోయాక ఆ నాలుగూ ఇళ్లకు పోయాయి. కట్టుడు తీగదీ పోయింది, మేకుదీ పోయింది. మా బావది మాత్రం పోలేదు.

"నీది కాగితం పైన ఉండాది గదా దాసప్పా," అన్నాడు రైటరు. "అది దిగొచ్చేదాకా యాడిస్తాం?"

ఆ తర్వాత ఆరు నెలలకొక ప్రశ్న దిగేది. ఆ వస్తువు బరువెంత? ఏ ఇనుము? చేసినవాడి పేరేమి? బావ ప్రతిదానికీ ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాసేవాడు. నా షాపులో స్టూలు మీద కూర్చుని, కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాసి, ఒకటి ప్లాస్టిక్ కవర్లో దాచుకునేవాడు. చూసి చూసి నాకు ఒళ్లు మండేది.

నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్లు ఆ తుపాకీతో పని కూడా పడలేదు. వాన లేదు. విత్తనం మొలిచింది, మాడింది. పందులకైనా తినడానికి ఏముంది? మా సీమలో అయిదేళ్లకొక పంట చేతికొస్తుంది. తక్కిన నాలుగేళ్లూ ఆ ఒక్కదాని మీదే బతుకు. ఎనభై ఒకటిలో ఆ ఒక్కటి వచ్చింది. ఆరుద్రలో విత్తే పదును, పూత మీద వాన, పూత ఊడలై నేలలోకి దిగేవేళ మళ్లీ వాన. ఒక్క చెట్టు పీకి చూస్తే గుత్తికి ముప్పై కాయలు! మా అక్క ఆ చెట్టును బస్సులో పట్టుకొచ్చి నా షాపులో వేలాడదీసింది. వచ్చినవాళ్లందరూ దాన్ని తాకి చూసి పోయారు.

అక్క నాతో ఒక్కటే మాట అంది. "రేయ్ హనుమంతూ, కాయ గట్టిపడేలోగా ఆ తుపాకీ తెప్పియ్యరా. ఈ పంట పోతే మళ్లా ఎన్నేండ్లకో."

భాద్రపదంలో నేను బావను పట్టుకుని వాయించాను. "నీ ముట్టె వద్దు, నీ చట్టం వద్దు. అర్జీ వాపసు తీసుకుంటాండానని రాసియ్యి. తుపాకీ తెచ్చుకో. భుజం వాస్తే వాయనీ." ఆయన కాగితం అడిగి రాశాడు. ఆ రెండు వాక్యాలు రాయడానికి అరగంట పట్టింది. ఇద్దరం స్టేషనుకు పోయాం. రైటరు చదివి తలూపాడు.

"మంచి పని చేస్తివి. దీన్ని గూడా పైకి పంపిస్తా."

"పైకెందుకు?" నేను అరిచాను. "వద్దనేదానికి గూడా పర్మిషనా?"

"అర్జీ పైన ఉండాది గదప్పా. వాపసు ఈడెట్లిస్తాం?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. వాన పడింది, తుపాకీ రాలేదు.

ఆ కార్తీకమంతా అక్క ఖాళీ డాల్డా డబ్బా కొట్టింది. గట్ల మీద పాత చీరలు కట్టింది. నేను టపాకాయలు తెచ్చి ఇచ్చాను. రెండు రోజులు పందులు బెదిరాయి, మూడో రోజు డబ్బా మోతకు అలవాటు పడ్డాయి. ఇంకో తొమ్మిది రోజుల్లో పీకుదామనగా మంద మొత్తం దిగింది. మూడు రాత్రుల్లో అయిదెకరాలూ అయిపోయాయి.

నాకు కబురందేసరికి పొద్దెక్కింది. మడక దున్నినట్టుంది చేను. అక్క ఒళ్లో కొంగు పట్టుకుని మట్టిలోంచి మిగిలిన కాయలు ఏరుతోంది. బావ గట్టు మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. గడ్డం కూడా గీసుకున్నాడు, ఆ రోజు కూడా!

అక్క తలెత్తింది. "నా పంట పందులు తినలేదయ్యా," అంది. "నీ చట్టం తినిండాది."

ఆయన గట్టు దిగి, ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టాడు. నేను కూడా దిగాను. సాయంత్రానికి ముగ్గురం కలిసి ఒక గంపెడు ఏరాం.

ఎనభై రెండు ఫిబ్రవరిలో పైనుంచి కాగితం దిగింది. బావ దాన్ని నా షాపుకు తెచ్చి చదవమన్నాడు. రెండే రెండు వాక్యాలు. సదరు వస్తువును తుపాకీకి తొడుగుట ఆయుధమును మార్చుట కాదు గావున అనుమతి అవసరము లేదు. తుపాకీని యజమానికి వాపసు ఇవ్వవచ్చును.

"అనుమతి అవసరమే లేదంట!" చేతిలో ఉన్న పంపును గోడకేసి కొట్టాను. "అవసరమే లేదంట బావా! ఆ పొద్దే, శివప్ప చేతికిచ్చిన పొద్దే బిగించుకోనుంటే..." ఆయన కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

స్టేషనులో తుపాకీ తెచ్చిచ్చినవాడు లింగప్ప అనే కానిస్టేబులు. మంచివాడు. పాత హవల్దారంటే వాడికి గౌరవం. తుపాకీ నిండా పసుపు, కుంకుమ చారలు.

"రెండు దసరాలకూ మా తుపాకులతో పాటు దీనికి గూడా ఆయుధ పూజ చేసినా సామీ," అన్నాడు సంతోషంగా. "నీది ఒంటిగా నిలబడిండాదని, నీళ్లు పోసి కడిగి, టెంకాయ నీళ్లు చల్లి, మూతిలో బంతిపువ్వు గూడా పెట్టినా."

ఆ బంతిపువ్వు ఇంకా మూతిలోనే ఉంది. ఎండి, బిరడాలా బిగుసుకుపోయి. పూజ మా బావ కూడా చేసేవాడు. కానీ గంట తిరక్కముందే పువ్వు తీసేసి, లోపలంతా తుడిచి నూనె పెట్టేవాడు. ఇప్పుడు వేలితో ఆ పువ్వును లాగేశాడు. బోల్టు తీసి, గొట్టాన్ని కిటికీ వెలుగుకు పట్టి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు.

గొట్టం దించి, లింగప్ప చెయ్యి పట్టుకున్నాడు. "బాగ చూసుకున్యావప్పా," అన్నాడు.

ఆ మనిషి అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే.

బయటికొచ్చాక అడిగాను. "లోపల తుప్పు తినేసిండాది," అన్నాడు. "గుంతలు పడినాయి. తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలి మొగానికి కొడతాది." కొత్త గొట్టం వేయిద్దామన్నాను. దానికి మళ్లీ అర్జీ పెట్టాలి, అన్నాడు.

ఇంటికి పోయాం. వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. పసుపు తుడిచాడు. పెట్టెలోంచి రుమాలు తీసి విప్పాడు. శివప్ప చేసిన ముట్టె అలాగే నల్లగా మెరుస్తోంది. మూతికి తొడిగి, ఒక్కొక్క మరా తిప్పాడు. గడియారం చూశాను. పావుగంట కూడా పట్టలేదు.

మా అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మూడు నెలలుగా ఆయనతో సరిగ్గా మాట్లాడని మనిషి, వంగి ఆ ముట్టెను వేలితో తాకింది.

"ఇంగ భుజాన్ని తన్నదా అది?" అని అడిగింది మెల్లగా.

బావ నా వైపు చూశాడు. చెప్పొద్దన్నట్టు చూశాడు.

"తన్నదులే సిద్దమ్మా," అన్నాడు. "ఇంగెప్పటికీ తన్నదు."