కాంపౌండరు గారి కుడికాలు

మండపేటలో కాంపౌండరు గారు పోయారని మంగళవారం పొద్దున కబురొచ్చింది. అప్పటికి నేను నా పత్రిక కోసం ఒక పురోహితుణ్ణి కాగితం మీద చీల్చి చెండాడుతున్నాను. కలం ఆగింది. నా కలం ఆగడం మీలో చాలామందికి శుభవార్తేనని నాకు తెలుసు. కానీ నాలుగేళ్ళుగా అది కదులుతోందంటే ఆయన చలవే. కనుక నన్ను తిట్టుకునేవాళ్ళు ఇకమీద ఆయన వాటా ఆయనకివ్వండి.

అప్పట్లో నా మూత్రపిండంలో రాయి పెరిగింది. కోసి తీయాలన్నారు రాజమండ్రి మిషన్ ఆసుపత్రి డాక్టరు దొరగారు. వెన్నులో సూదిమందు వేస్తారట. కింది సగానికి ఏమీ తెలియదట, పై సగం మేలుకునే ఉంటుందట.

"మీకు బాగా కుదిరిందండి," అన్నారు అక్కడే పనిచేసే మన కాంపౌండరు గారు. "నోరు పై సగంలోనే ఉంది కదండీ."

నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఎదురుగా పీట మీద ఆయన, నా మణికట్టు మీద ఆయన వేళ్ళు. ఆ వేళ్ళు తాకినందుకే నా బంధువులు తర్వాత ప్రాయశ్చిత్తం చేయించుకోమన్నారు. రాయి పోయింది గానీ, ఆ బంధువులు నాకింకా మిగిలే ఉన్నారు.

భయం పైకి తెలియకుండా వితంతు వివాహం మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆయన వింటూ కుడి బూటు మడమతో చెక్క నేల మీద టక్ టక్‌మని కొడుతున్నారు. నా మాటలకి తాళం వేస్తున్నారనుకుని పొంగిపోయాను. కాసేపటికి ఆ తాళం మందగించింది. టక్... చాలాసేపటికి ఇంకో టక్.

నాకు ఒళ్ళు మండింది. "ఏవండీ, నేను మాట్లాడుతుంటే నిద్రపోతున్నారా?" అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినబడింది. చల్లటి చెమట పట్టింది.

ఆయన నా మీంచి చూపు తిప్పకుండా "దొరగారూ!" అన్నారు. దొరగారి చేతులు ఆగాయి. ఎవరో తలవైపు బల్ల దించారు. కాంపౌండరు గారు మాత్రం నా మొహం మీదికి వంగి, నింపాదిగా అడిగారు:

"అయినా విధవలకి మళ్ళీ పెళ్ళేంటండీ? శాస్త్రం ఒప్పుకోదు గదా!"

ఒళ్ళు చల్లబడుతున్న సంగతే మర్చిపోయాను. "ఏ శాస్త్రమండీ? చూపించండి! మీరు చదివారా? మీకు చెప్పినవాడు చదివాడా?"

టక్. టక్. టక్ టక్ టక్. దొరగారి కత్తి మళ్ళీ కదిలింది. వాదించి మనిషిని మేల్కొలిపానని ఎంత సంబరపడ్డానో!

వారం తర్వాత కట్టు మారుస్తూ ఆయనే చెప్పారు. "దొరగారు అస్తమానం నాడి ఎంతని అడగక్కర్లేకుండా, అది కొట్టినప్పుడల్లా నా కాలు నేలకేసి కొట్టి చెప్పేస్తుందండి. ఆ వేళ నిద్రపోయింది నేను కాదండి, మీ గుండె. ఆ మందు ఒక్కోసారి అలా చేస్తుంది."

"మరి శాస్త్రం సంగతో?"

"శాస్త్రం నాకేం తెలుసండి? మీకు కోపం దేనికొస్తుందో, ఆ కోపానికి గుండె లేస్తుందనీ తెలుసు. మా వాళ్ళల్లో మారుమనువులు తాతల నాటినుంచీ ఉన్నవేనండి. మీరేదో కొత్తగా కనిపెట్టానంటుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను."

ఊళ్ళో అందరూ దొరే నన్ను బతికించాడన్నారు. సభ పెట్టి ఆయనకి దండ వేశారు. సమానత్వం మీద గంటసేపు మాట్లాడిన అధ్యక్షుడొకడు, తలుపు దగ్గర నిలబడ్డ కాంపౌండరు గారి ఊసే ఎత్తలేదు. ఆ అధ్యక్షుణ్ణి ఎండగడుతూ నేను ఒక్క ముక్క రాయలేదు. ఎందుకంటే అతను నేనే.

కాలువ పడవ పట్టుకుని మండపేట చేరేసరికి సాయంత్రమైంది. ఆయన్ని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. వసారాలో గోడవార ఆయన బూట్లున్నాయి. ఎడమదాని మడమ నిండుగా ఉంది. కుడిదాని మడమ అరిగి అరిగి, వక్కబద్దంత మిగిలింది.