షిరసె కొన దగ్గర ఆగిపోయిన పాట

త్సుబొతా కికుయే గారి గొంతు గురించి నేను చెబితే పక్షపాతం అంటారు. అన్నా ఫర్వాలేదు. పంతొమ్మిదేళ్ళు ఆవిడ మా టూరిస్టు బస్సులో గైడు, నేను డ్రైవర్ని. తెల్ల గ్లవుజులు వేసుకుని, నా ఎడమ పక్కన ప్రయాణికుల వైపు తిరిగి నిలబడి పాడుతుంటే, నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా వినేవాణ్ణి.

మా వైపు బస్సు గైడు ఏ ఊరొస్తే ఆ ఊరి పాట పాడాలి. రేవులో రేవు పాట, ఆపిల్ తోటల్లో తోట పాట. సముద్రంలోకి పొడుచుకొచ్చిన షిరసె కొనకి వచ్చేసరికి మాత్రం అందరూ అడిగేది ఒకే పాట, ‘షిరసెలో ఎదురుచూపు’. మా ఊళ్ళో పుట్టి టోక్యో వెళ్ళి పేరు తెచ్చుకున్న గాయకుడు కుజుమకి రెంపెయ్ తన భార్య మీద కట్టిన పాట అది. కొన మీద రాతిపలక ఒకటి పెట్టారు. దాని మీట నొక్కితే ఆయన గొంతే వినిపిస్తుంది.

పాటకి ముందు కథ చెప్పాలి. ఫిబ్రవరి సాయంత్రం, మొగుడి కారు ఎప్పుడొస్తుందా అని ఆయన భార్య మిసావొ గారు ఆ కొన మీద మూడు గంటలు మంచులో నిలబడ్డారట. ఒంటి మీద కోటు కూడా లేదట. “ఏమండీ, మీ ఇంట్లో ఆవిడైతే నిలబడుతుందా మూడు గంటలు?” అని కికుయే గారు అడిగితే మగాళ్ళు పకపకా నవ్వేవారు, ఆడవాళ్ళు మొగుళ్ళని మోచేత్తో పొడిచేవారు. ఆ నవ్వులు తగ్గకముందే ఆవిడ పాట ఎత్తుకునేవారు. సొరంగం దాటాక నేను ముప్పై వేగంలో పోనిచ్చేవాణ్ణి. రెండు చరణాలకి నాలుగు నిమిషాలు. ఆఖరి మాట దగ్గర మలుపు తిరిగి సముద్రం కనబడేది. ఈ లెక్క కంపెనీ కాగితాల్లో ఎక్కడా లేదు, మేమిద్దరం కుదుర్చుకున్నదే.

మిగతా గైడులందర్నీ కంపెనీ ఎప్పుడో తీసేసి బస్సుల్లో రికార్డింగు పెట్టింది. కికుయే గారిని ఉంచింది ఆ పాట కోసమే. జట్లు జట్లుగా వచ్చేవాళ్ళు ‘కొన పాట పాడే గైడు’ కావాలని అడిగి మరీ బుక్ చేసుకునేవారు. భర్త పోయాక ఆవిడకి ఈ ఉద్యోగమే ఆధారం. ఆ పాట పోతే ఇదీ పోతుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన శరదృతువులో రెంపెయ్ మీద ఫిర్యాదులు బయటికొచ్చాయి. కొట్టేవాడని విడాకులు తీసుకున్న మిసావొ గారు, ఇద్దరు శిష్యురాళ్ళు కేసు పెట్టారు. ఆయన అంతా అబద్ధమన్నాడు. టోక్యోలో గాయకులు ఒక్కొక్కరే ఆ పాట ఇక పాడేది లేదన్నారు. మా ఊరి ఆడవాళ్ళ కోరస్ కూడా వదిలేసింది. రాతిపలక మీట కనబడకుండా ఎవరో నీలం పట్టా కట్టారు. మా మేనేజరు నుకగా గారు కికుయే గారిని పిలిచారు.

“కొన దగ్గర పాట వద్దండీ. ఎవరైనా అడిగితే గొంతు బాగాలేదని చెప్పేయండి.”

“ఎన్నాళ్ళు బాగుండదండీ నా గొంతు? అయినా పాటేం చేసింది? కొట్టింది పాట కాదుగా!”

“నాకెందుకు చెబుతారు. పైనుంచి వచ్చింది.”

“పైవాళ్ళు ఎప్పుడైనా మన బస్సెక్కారా?”

ఆవిడ పాడటం మానలేదు. వెనక సీట్లలోంచి ఎవరైనా అడగడమే ఆలస్యం, పాడేసేవారు. నేనూ తక్కువ తినలేదు, సొరంగం దాటగానే ముప్పైకి తగ్గించేవాణ్ణి. ఇద్దరం కలిసి కంపెనీని బోల్తా కొట్టిస్తున్నామని లోపల సంబరంగా కూడా ఉండేది.

జనవరిలో ఒక పొద్దున డిపోలో టీ తాగుతున్నాం. ఆవిడ జిల్లా పేపరు చదివి నా ముందు పెట్టారు. మిసావొ గారి మాటలు అచ్చయ్యాయి.

‘ఆ రోజు నేను ఎవరికోసమూ ఎదురుచూడలేదు. కారులో గొడవయింది. కోటు లాక్కుని, కొన దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు. మంచులో పదకొండు కిలోమీటర్లు నడిచి, చేపలు ఎండబెట్టే షెడ్డులో దీపం కనబడితే వెళ్ళి తలుపు కొట్టాను. తర్వాత దాన్నే పాట చేశాడు. ఏడేళ్ళ కిందట టూరిస్టు బస్సెక్కి అక్కడికి వెళ్ళాను, ఏం చెబుతారో విందామని. గైడు చాలా బాగా పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.’

“ఏడేళ్ళ కిందట గైడంటే నేనేగా నరితా గారూ?”

కాదని చెబుదామనిపించింది. కానీ అప్పటికే కంపెనీలో గైడు ఆవిడొక్కరే. “మీరేనండీ,” అన్నాను.

“ఆవిడ అక్కడ కూర్చునుండగానే అందరినీ నవ్వించాను.”

నాకు తల కొట్టేసినట్టయింది. అద్దంలో ఎన్ని వేల ముఖాలు చూశానో, ఆ ఒక్క ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఆ వారమే లోపలి జిల్లా నుంచి వయోవృద్ధుల సంఘం వచ్చింది, ముప్పై మంది. సొరంగం దాటింది. కాలికి అలవాటు కదా, వేగం ముప్పైకి దించేసింది. మూడో వరసలో కూర్చున్న పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. “గైడమ్మా, రావాలి రావాలి, కొన పాట!”

కికుయే గారు మైకు అందుకున్నారు. రేవులో చేపల సంగతి ఎలా చెబుతారో అలాగే చెప్పారు: “ఈ కొన మీద మిసావొ గారనే ఆవిడ భర్త కోసం ఎదురుచూశారని ఇన్నేళ్ళూ చెప్పానండీ. అది కాదట. ఆయన తనని కోటు లేకుండా దింపేసి వెళ్ళాడని ఆవిడ చెబుతున్నారు. పదకొండు కిలోమీటర్లు నడిచారట. ఆయన కాదంటున్నాడు, కేసు నడుస్తోంది. నేను మాత్రం ఆవిడ మాటే నమ్ముతున్నాను.”

“ఏంటమ్మా ఇది, సరదాగా వస్తే పేపరు చదువుతావు! పాట పాడు.”

“పాడనండీ.”

“గొంతు బాగాలేదా ఏంటి?”

“గొంతు బాగానే ఉందండీ. పాడను. తిరిగొచ్చేటప్పుడు రేవు పాట రెండుసార్లు పాడతాను.”

వెనకాల గొణుగుళ్ళు మొదలయ్యాయి. ఒకాయన డబ్బు దండగ అన్నాడు. ఇంకెవరో బత్తాయి ఒలుచుకోవడం మొదలెట్టారు. ఆవిడ మాత్రం వాళ్ళ వైపే తిరిగి నిలబడి ఉన్నారు. నాలుగు నిమిషాలు ఇంత పొడుగని నాకు ఆ రోజే తెలిసింది. ఆ పెద్దమనిషి తర్వాత కంపెనీకి ఉత్తరం రాశాడు. మార్చి నుంచి నా పక్కన రికార్డింగే మోగుతోంది. కికుయే గారు ఆల్చిప్పల ప్యాకింగులో చేరారు. ఆ రికార్డింగు గొంతంటే నాకు ఒళ్ళు మంట.

ఆ రోజు సంగతి పూర్తిచేస్తాను. కొన దగ్గర బస్సాపాను. కికుయే గారు మెట్టు కింద చిన్న పీట వేసి, ఒక్కొక్కరికీ చెయ్యి అందించి దింపుతున్నారు. పెద్దమనిషి ముందే దిగి, కాల్చిన ఆల్చిప్పల కొట్టు వైపు నడిచాడు. ఆయన భార్య అందరికంటే చివర దిగింది. కాలు పీట మీద పెట్టి, కికుయే గారి చెయ్యి పట్టుకుని ఆగింది.

“పదకొండు కిలోమీటర్లా?”

“అవునండీ.”

“నేను నడిచింది నాలుగే. వరి చేల మధ్య. మంచు కాదులెండి, వాన.” మొగుడు వెళ్ళిన కొట్టు వైపు ఒకసారి చూసింది. “పిల్లలకి దారి తప్పానని చెప్పాను.”

ఈలోగా పెద్దమనిషి రాతిపలక పక్కన నిలబడి కేకేశాడు. “ఏమేవ్, రా! గైడమ్మా, మా ఇద్దరికీ ఓ ఫొటో!”

ఆవిడ వెళ్ళి ఆయన పక్కన, కాస్త ఎడంగా నిలబడింది. ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఫొటో తీసే ముందు “నవ్వాలి, నవ్వాలి” అని కికుయే గారు ఎవరికైనా రెండుసార్లు చెబుతారు. ఈసారి చెప్పలేదు.