దివ్యకు నీళ్ళు పోసిన మనిషి

నేను మంచిదాన్నేనని చాలాకాలం నమ్మాను. తోడికోడలు ఇల్లు కొన్నా, నా వెనక చేరినవాళ్ళకు నాకంటే ముందు ప్రమోషన్ వచ్చినా ఒక పూట ముఖం మాడ్చుకుని ఊరుకునేదాన్ని. నా ముప్పై తొమ్మిదో ఏట శివపార్వతి అనే ఆయా వచ్చి ఆ నమ్మకం కాస్తా పోగొట్టింది.

ఆమె బాపట్లలో అనాథ పిల్లల్ని పెంచే ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటి పేరు చెప్పడం బాగుండదు. మాకు దివ్యను ఇచ్చింది ఆ ఇల్లే. నేనూ, మా ఆయన హేమంతూ డబ్లిన్‌లో ఉంటాం. దత్తత కోసం నాలుగేళ్ళు ఎదురుచూస్తే దివ్య ఫొటో వచ్చింది. అప్పటికి పిల్లకు అయిదో నెల. కాగితాలన్నీ పూర్తయ్యేసరికి పదకొండో నెల పడింది. ఇలా కాగితాల కోసం ఆగే నెలల్లో ఆ ఇంట్లో ఒక పద్ధతి పాటిస్తారు. కాబోయే తల్లిదండ్రుల ఫొటో తెప్పించుకుని, పొద్దునా సాయంత్రమూ బిడ్డకు చూపిస్తూ అమ్మ, నాన్న అని ఆయాలు నేర్పుతారు. తీరా మనం వెళ్ళేసరికి కొత్త ముఖమని బిడ్డ బెదరకుండా ఉంటుందని. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, హేమంత్‌ను స్టూడియోకి తీసుకెళ్ళి మరీ ఇద్దరం కలిసి తీయించుకున్న ఫొటో పంపాను.

మేం వెళ్ళినరోజు దివ్య హేమంత్‌ను చూడగానే రెండు చేతులూ చాపింది. నాన్న అని కూడా అంది. నన్ను మాత్రం దొంగను చూసినట్టు చూసి శివపార్వతి మెడ వాటేసుకుంది. ఆడపిల్లలకు తండ్రి మీదే ప్రేమ అని అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. శివపార్వతి తల వంచుకుని పిల్ల జుట్టు సవరించింది. వంచిన తలలోంచి కూడా ఆమె నవ్వు నాకు కనబడింది.

ఆమెది రేపల్లె దగ్గర పల్లె. మొగుడు నిజాంపట్నంలో బోట్ల మీద వేటకు పోయేవాడు. ఒక ఏడు పోయినవాడు మళ్ళీ రాలేదు, బందరులో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఆమెకు కడుపు నిలవలేదు. పదకొండేళ్ళ కిందట బాపట్ల వచ్చి ఆయాగా చేరింది. ఇరవై ఆరుగురు పిల్లలు ఆమె చేతుల మీదుగా వెళ్ళారట, ఒక్కరి కోసం కూడా కంటతడి పెట్టలేదట. దివ్య మాత్రం మూడు రోజుల పసిగుడ్డుగా, కిలోన్నర బరువుతో వచ్చింది. ఒంటికి ఆనించి పడుకోబెట్టమని డాక్టరు చెబితే, నెలన్నరపాటు పిల్లను గుండెకు కట్టుకుని గోడకు చేరగిలబడే నిద్రపోయింది ఆమె. ఇదంతా అక్కడి పెద్ద మేడమ్ మెచ్చుకుంటూ చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషికి దణ్ణం పెట్టాల్సిన చోట, ఆ నెలన్నర నాకెందుకు దక్కలేదని ఏడుపొచ్చింది.

పాస్‌పోర్టు ఆలస్యమైంది. సెలవు అయిపోయి హేమంత్ వెళ్ళిపోయాడు. తెనాలిలో మా పిన్ని ఇంట్లో నేనూ దివ్యా మిగిలాం. వచ్చిన నాన్న కాస్తా మాయమయ్యేసరికి పిల్ల పూర్తిగా మొండికేసింది. నా చేతి పాలు ముట్టలేదు. రెండు రోజులు పిన్నీ నేనూ చెంచాలతో కుస్తీ పట్టాం. మూడోరోజు పిల్ల డీలా పడిపోవడం చూసి, పరువు పక్కనబెట్టి బాపట్లకు ఫోన్ చేశాను. మేడమ్ శివపార్వతికి వారం సెలవిచ్చి పంపింది. బస్సు దిగి వచ్చిన మనిషి చెప్పులు విప్పకముందే దివ్య ఆమె చంకెక్కింది. పది నిమిషాల్లో పాలసీసా ఖాళీ.

ఆ సాయంత్రమే పాస్‌పోర్టు, మర్నాడు టిక్కెట్టు వచ్చాయి. వారం తిరిగేసరికి నేనొక్కదాన్నే పిల్లను తీసుకుని శంషాబాదులో విమానమెక్కి, దుబాయ్‌లో మారి, డబ్లిన్ చేరాలి. ఇరవై గంటల ప్రయాణం. నా చేత్తో చుక్క పాలు తాగని పిల్ల ఆ ఇరవై గంటలూ ఏమైపోతుందన్న భయం ఒకపక్క, ఆ భయంలోనూ శివపార్వతి భుజం మీద హాయిగా నిద్రపోతున్న దాన్ని చూస్తే రగిలే మంట ఇంకోపక్క. నేను డబ్బా మీద రాసినట్టు కొలిచి కలిపిన పాలు ఊసేసేది. ఆవిడ కళ్ళతో అంచనా వేసి కలిపితే గటగటా తాగేది. ఆవిడ చేతి చలవ అలాంటిదని పిన్ని అంటే, పిన్నితో కూడా మాట్లాడటం మానేశాను. ఇంకా సిగ్గుచేటు పని ఒకటి చేశాను. ఆమె తలకు రాసుకునే కొబ్బరినూనె అడక్కుండా తీసి నా తలకు పట్టించాను. దివ్య నా జుట్టు వాసన చూసి దగ్గరికి జరిగింది, ముఖం చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

నాలుగోరోజు పొద్దున శివపార్వతి పిన్నిని అడిగి సున్నిపిండి, నువ్వులనూనె తీసుకుంది. బాపట్లలో పిల్లల్ని టబ్బులో కూర్చోబెట్టి సబ్బు రాస్తారు, అంతే. ఆమె ఆ రోజు పీట వేసుకుని, కాళ్ళు చాపి, దివ్యను కాళ్ళ మీద బోర్లా వేసి సున్నిపిండితో రుద్దింది. వెల్లకిలా తిప్పి ముక్కు ఒత్తింది. చెంబులకు చెంబులు వేణ్ణీళ్ళు పోసింది. పిల్ల ఏడుపు వీధిలోకి వినబడింది. నన్ను తువాలు పట్టుకుని గడపలో నిలబడమంది, ఒళ్ళు ఎర్రబడ్డ పిల్లను నా చేతుల్లో పడేసింది. మధ్యాహ్నం దివ్య పాక్కుంటూ ఆమె దగ్గరికి పోతే, చెయ్యి విదిలించి పో అని కసిరింది. నేను ఆగలేకపోయాను.

"నీకు దక్కడం లేదనేగా? నీ కుళ్ళు పసిదాని మీద చూపిస్తావా?"

ఆమె కాదంటుందనుకున్నాను.

"కుళ్ళేనమ్మా," అంది శివపార్వతి. "ఆ ఫొటో చూపించేటప్పుడు మీ మొహం మీద బొటనవేలు పెట్టేదాన్ని. ఆర్నెల్లూ అయ్యగారినే చూపించా. మిమ్మల్ని చూపిస్తే అమ్మ అనాలి గదా. నాకు నోరు రాలేదు."

లాగి కొడదామన్నంత కోపం వచ్చింది. మరి ఇవాళ ఈ ఏడిపించడమేంటని అడిగాను.

"నీళ్ళు పోసే మనిషంటే ఏ పిల్లకైనా హడలే. తువాల్లో ఎత్తుకున్నదాన్ని కరుచుకుంటది. నేను ఒద్దనిపించుకుంటేగాని మీ దగ్గరికి రాదు. మూడు రోజులే ఉంది. నేను పోస్తా, మీరు ఎత్తుకోండి."

క్షమించానని చెబితే అబద్ధం. సరేనన్నాను, అంతే. పొద్దునా సాయంత్రం ఆమె నీళ్ళు పోసేది, నేను గడపలో నిలబడేదాన్ని. పిల్లను నాకిచ్చాక ఆమె తడిచీరతో ఆ పీట మీదే చాలాసేపు కూర్చునేది. రెండోరోజు దివ్య ఏడుస్తూ నాకోసం చేతులు చాపింది. నా గొలుసు పిడికిట బిగించి, వెక్కుతూనే సీసా అంతా తాగింది. నేనేం చేశానో తెలుసా? ఆ పిల్లను భుజాన వేసుకుని, పనేమీ లేకపోయినా వంటింటి గుమ్మం ముందు నాలుగుసార్లు తిరిగాను. లోపల శివపార్వతి అన్నం తింటోంది. చూసింది, మళ్ళీ కంచంలోకి తల వంచింది.

బయలుదేరేరోజు కారు దగ్గరికి ఆమె వస్తుంటే దివ్య కెవ్వున ఏడ్చి నా మెడలో ముఖం దాచుకుంది. ఒక్కసారి ఎత్తుకోమన్నాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, వద్దమ్మా, దారంతా ఏడుస్తది అంది. బాపట్ల వెళ్ళే ప్యాసింజరుకు టైమైందని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. విమానంలో దివ్య నా ఒళ్ళోంచి దిగలేదు. నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదండీ అని పక్కసీటావిడతో గొప్పలు పోయాను.

డబ్లిన్ చేరిన పదిహేను రోజులకు మేడమ్ నంబరుకు వీడియో కాల్ చేసి, శివపార్వతిని పిలవమన్నాను. తెర మీద ఆమె ముఖం కనబడగానే దివ్య గుక్కపట్టి ఏడుస్తూ నా మీదికి పాకింది. శివపార్వతి తెర మీంచి ముఖం పక్కకు తిప్పుకుంది.

"మిమ్మల్ని అమ్మనుకుంటంది. ఇంక చెయ్యకండమ్మా," అని తనే కాల్ కట్ చేసింది.

నేను మళ్ళీ చేయలేదు. ఆమె వద్దన్నందుకే మానేశానని చెప్పుకోగలిగితే బాగుండేది.