మా అత్త వేసే ముడి

మా అత్త ఎవర్నీ నమ్మదు. ఇది నేను తిట్టడం కాదు, ఆవిడే నలుగురిలో గొప్పగా చెప్పుకునే మాట. పాల కేంద్రంలో పాలు పోసేటప్పుడు కొలిచేవాడి మొహం చూడదు, వాడి బొటనవేలు చూస్తుంది. దాణా బస్తా ఇంటికొస్తే విప్పి, గుప్పెడు తీసి వాసన చూసి, కాస్త నాలిక మీద వేసుకుని గాని ఆటోవాణ్ణి కదలనివ్వదు. నేను కుట్టిచ్చిన జాకెట్టు కూడా లోపలికి తిప్పి కుట్టు కుట్టూ లాగి చూస్తుంది. సొంత మేనకోడల్ని! పైగా "నువ్వు మంచిదానివేనే, నీ మిషన్నే నమ్మలేను" అంటుంది. ఒళ్ళు మండదూ?

ఆవిడకున్నది ఒక్క గేదె. దాన్ని గుంజకి కట్టేటప్పుడు ఒక ముడి వేస్తుంది. తాడుని రెండు చుట్లు తిప్పి, కొసని వెనక్కి లాగి, కింద నుంచి దోపి, మళ్ళీ ఏదో చేస్తుంది. ఆ చివర చేసేదేమిటో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అప్పుడు వీపు మనవైపు తిప్పుతుంది. పొద్దున్నే లేవగానే మొహం కూడా కడుక్కోకుండా పాకలోకి వెళ్ళి ముడి చూసుకుంటుంది. అదే ముడి ఉంటే గేదెని ఎవరూ ముట్టుకోనట్టు. ఒకసారి విషజ్వరంతో మంచం పట్టినప్పుడు పాలు నేను తీశాను, కుడితి నేను పెట్టాను. గేదెని మాత్రం విప్పడానికి వీల్లేదని ఒట్టు వేయించుకుంది. ఎండలు మండుతున్నాయి, కాలవలో దింపకపోతే దాని ఒళ్ళు పేలిపోతుందే అంటే వినలేదు. జ్వరం తగ్గాక గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి ముడి చూసి, గేదె వీపు నిమిరి, "చూశావా, ఒక్క పొక్కు లేదు. నా గేదె గట్టిపిండం" అని మురిసిపోయింది.

అత్త ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుం ఎత్తు గోడ. మా నాన్నకి చెల్లెలు ఆవిడ. మొగుడు పోయాక అన్నగారి పక్కనే ఇల్లు వేసుకుంది. తర్వాత నాన్న కూడా పోయాడు. ఇక వదినా ఆడపడుచుల మధ్య మిగిలినవి ఆ గోడా, నేనూ. ఇద్దరికీ యాభై దాటాయి, అయినా మా అమ్మ ఆవిణ్ణి ఇంకా "అమ్మాయ్" అనే పిలుస్తుంది. రోజూ పోట్లాడుకుంటారు, రోజూ గోడ మీంచి కూర గిన్నెలు అందించుకుంటారు. అత్త ఆ కూర కూడా వాసన చూసే తింటుంది, అది వేరే సంగతి.

మా అమ్మ సంగతి వేరు. కిందటేడు అమ్మ ఎర్రావు మేతకెళ్ళి తిరిగి రాలేదు. వెతగ్గా వెతగ్గా సంతలో ఎవడి చేతిలోనో కనపడింది. అమ్మని చూడగానే అరిచింది. అమ్మ పరిగెత్తుకెళ్ళి దాని మెడ పట్టుకుని "ఇది నాదయ్యా" అంది. "రుజువేంటి?" అన్నాడు వాడు. ఏం రుజువు చూపిస్తుంది? చుట్టూ మూగినవాళ్ళు "అరిస్తే మీదైపోతుందా అమ్మా, ఆవన్నాక అరవదా" అని నవ్వారు. అమ్మ ఖాళీ చేతులతో ఇంటికొచ్చి, ఆ ఆవు కట్టేసే చోట కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను జన్మలో మర్చిపోను.

అలాంటి ఇంటి ముందుకి, అలాంటి అత్త ఇంటి ముందుకి, పశువులకి చిప్పులు వచ్చాయి.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు పాల కేంద్రం దగ్గర అందర్నీ పోగేసి చెప్పాడు. బియ్యపు గింజంత ఉంటుందట. సూదితో మెడలో చర్మం కిందకి ఎక్కిస్తారట. మిషను దగ్గర పెడితే కీచుమని నంబరు చెబుతుందట. పశువు ఎవరిది, ఎక్కడ పుట్టింది, ఎక్కడికి అమ్మారు, ఏం జబ్బు చేసింది, అన్నీ తెలిసిపోతాయట.

"తెలిశాక ఏం చేస్తారు?" అంది అత్త, వెనక వరసలోంచి.

"పైకి పంపిస్తామండీ."

"పైన ఏం చేస్తారు?"

కాంపౌండరు చేతిలో కాయితం తిప్పి చూశాడు. "జబ్బులొస్తే ఎక్కణ్ణుంచి వచ్చాయో కనిపెట్టొచ్చు. పశువు పోయినా దొరుకుతుంది."

"మా వదిన ఆవు పోయినప్పుడు ఒక్కడు ఇటు తొంగి చూళ్ళేదు. ఇప్పుడు గింజ పెట్టేసరికి మీకు మా మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇదే గోల. ఇవాళ లెక్క పెడతారు, రేపు తలకింత పన్ను వేస్తారు అని ఒకడు. కాలవ గట్టు మీద మేపినా ఫోనులో పట్టుకుంటారట అని ఇంకొకడు. పుట్టి చచ్చిన దూడక్కూడా సంజాయిషీ చెప్పుకోవాలట అని మరొకడు. వందల పశువులున్నవాళ్ళకి చూసుకోడానికి మనుషులుంటారు, ఒకటీ రెండూ ఉన్న మనం పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతామా అన్నారందరూ. అందులో అబద్ధమేమీ లేదు కూడా. ఎవ్వరం వేయించుకోకూడదని మాట అనుకున్నారు. అందరికంటే గట్టిగా అరిచినవాడు మైకు బాబాయి. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు గనక ఆ పేరు.

"అందరికంటే ముందు వేయించుకునేది వీడే, చూస్తూ ఉండు" అంది అత్త ఇంటికొస్తూ.

చిప్పులు వేసేవాళ్ళు వచ్చే రోజు తెలిసింది. పొద్దున్నే పశువులన్నిటినీ కాలవ అవతలికి తోలేసి పాకలు ఖాళీగా పెట్టాలనుకున్నారు. అత్తకి చిక్కొచ్చిపడింది. గేదె నిండు చూడితో ఉంది. పొదుగు దిగింది, అంత దూరం నడవలేదు. ముందురోజు సాయంత్రం గోడ దగ్గర నిలబడి మథనపడుతుంటే అమ్మే అంది, "మా పాకలో కట్టెయ్ అమ్మాయ్. మీటింగులో నోరు పెట్టింది నువ్వు. వాళ్ళు ముందొచ్చేది నీ ఇంటికే."

అత్త అమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గేదెని తెచ్చి మా రెండావుల పక్కన కట్టింది. వీపు మావైపు తిప్పి ముడి వేసుకుంది.

అమ్మ చెప్పని సంగతి ఒకటుంది. మా ఆవులకి చిప్పు వేయించాలని అమ్మ అప్పటికే నిర్ణయించుకుంది. అంతకు వారం ముందే కాంపౌండరుకి ఫోన్ చేసి, "పెందలాడే వచ్చి పాకలో ఉన్నవాటికి వేసి వెళ్ళిపో నాయనా, నలుగురి కళ్ళలో పడకుండా" అని చెప్పింది. అప్పటికి పాకలో ఉన్నవి మా రెండావులే. గేదె వచ్చాక మళ్ళీ ఫోన్ చెయ్యాలన్న ధ్యాస అమ్మకి లేకపోయింది.

ఆ పొద్దున అమ్మ పాలు పోయడానికి వెళ్ళింది. నేను ముందు గదిలో మిషను తొక్కుతున్నాను. కాంపౌండరు సందులోంచి పాకలోకి వెళ్ళడం చూశాను, ఆవుల కోసమే కదా అనుకున్నాను. వాడు పాకలో ఉన్నవాటికి వెయ్యమన్నారు గనక పాకలో ఉన్నవాటన్నిటికీ వేశాడు. అన్నీ అమ్మ పేరునే ఎక్కించి, చేతులు కడుక్కుని పోయాడు.

మధ్యాహ్నం అత్త గేదెని తీసుకెళ్ళడానికొచ్చింది. గేదె మొహం చూడలేదు, ముందు గుంజ చూసింది. అక్కడ ఉన్నది ఎవరైనా వేసే మామూలు ముడి.

"ఎవరు విప్పారు దీన్ని?"

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అత్త గేదె మెడ తడిమింది. చెవి వెనక కాస్త బొచ్చు కత్తిరించి ఉంది. మందు వాసన. అంతే, ఒంటికాలి మీద లేచింది.

"నా గేదెని నీ పేరున రాయించుకున్నావా వదినా? నీ ఆవు పోయిందని నా గేదెకి ఎసరు పెట్టావా? దాచుకోమని ఎంత తియ్యగా పిలిచావు!"

"అయ్యో, నేను మర్చిపోయానే అమ్మాయ్. వాడు వచ్చేసరికి నేనింట్లో లేను."

"ఇంట్లో ఉండకూడదనే పోయావు! నాకు తెలీదనుకున్నావా?"

అమ్మ మొహం తెల్లబోయింది.  అత్త గేదెని లాక్కుపోతూ వీధి వీధంతా వినపడేలా "దొంగ" అంది. తల కొట్టేసినట్టయింది మాకు. నాకైతే ఆ గోడ దూకి వెళ్ళి ఆవిడతో కలబడాలనిపించింది. సాయంత్రానికి తెలిసింది, మైకు బాబాయి తన పశువులన్నిటికీ అందరికంటే ముందే వేయించుకున్నాడని. బాబాయి మీద అత్త అనుమానం నిజమైంది, దానివల్ల ఆవిడకి ఏ నష్టమూ లేదు. అమ్మ మీద అనుమానం తప్పింది, అక్కడే కొంప మునిగింది.

మర్నాడు అత్త ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమస్తా మిషన్లో చూసి, "ఇందులో మీ పేరు లేదమ్మా. మార్చాలంటే ఆవిడొచ్చి చెప్పాలి. వైద్యానికి పిలవాలన్నా ఆవిడ ఫోన్ నుంచే రావాలి" అన్నాడట.

ఆవిడొచ్చి చెప్పాలంటే అత్త అడగాలి. చస్తే అడగదు. అడక్కుండా అమ్మ వెళ్ళదు. "దొంగ అంది కదా, అడగనీ" అని మొహం ముడుచుకు కూర్చుంది. గోడ మీంచి గిన్నెలు ఆగిపోయాయి. నేను అటొకసారి ఇటొకసారి చెవినిల్లు కట్టుకుని పోరాను. ఇద్దరూ కలిసి నన్నే తిట్టారు. అత్త రాత్రుళ్ళు పాకలోనే పడుకునేది. అమ్మ వచ్చి గేదెని తోలుకుపోతుందని ఆవిడ భయం. పేరు అటు ఉంది కదా, ఇప్పుడు రుజువు అమ్మ దగ్గరుంది మరి. సంతలో అమ్మ నిలబడిన చోట ఇప్పుడు తను నిలబడిందని అత్తకి తెలుసు. ఆ మాట నాతో అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అమ్మకి చెప్పొద్దని మళ్ళీ ఒట్టు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ అటువైపు నుంచి గేదె మూలుగు వినపడింది. నేను వెళ్ళి చూస్తే అది కింద పడుకుని కాళ్ళు తన్నుకుంటోంది. దూడది ఒక్క కాలే బయటికొచ్చి ఆగిపోయింది. అత్త చేతులు మోచేతుల దాకా తడి, మొహం పాలిపోయింది. ఎన్నో ఈతలు తన చేత్తో చేయించిన మనిషి ఆవిడ. "అడ్డం తిరిగిందే, నా వల్ల కావట్లేదు" అంది. తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆసుపత్రికి చేస్తే అటువైపు అమ్మాయి గేదె చిప్పు నంబరు అడిగి, చూసి, "యజమానితో మాట్లాడించండి" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "యజమాని ఇక్కడే ఏడుస్తోంది తల్లీ!" అని అరిచాను. పెట్టేసింది.

గేదె మూలుగు సన్నబడుతోంది. అత్త గేదెని చూసింది, గోడని చూసింది. చీర కుచ్చెళ్ళు దోపుకుంటూ లేచి గోడ దగ్గరికెళ్ళి, "వదినా..." అంది. 

అమ్మ అప్పటికే గోడకి అవతల ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో నాకు తెలీదు. అటువాళ్ళు ఏదో అడిగారు.

"అవును" అంది అమ్మ, అత్త కళ్ళలోకి చూస్తూ. "నాదే. గేదె నాదే. త్వరగా రండి."

ఆ మాటకి అత్త ఒళ్ళు జలదరించడం నేను చూశాను. అయినా తల ఊపింది.

డాక్టరు వచ్చాడు. తాడు విప్పించి, గేదెని పక్కకి తిప్పించి, చెయ్యి లోపలికి పెట్టి దూడని సరిచేశాడు. అమ్మ తల వైపు పట్టుకుంది, నేను వెనక కాళ్ళు. దూడ జారి పడింది. పెయ్యదూడ. అత్త దాని ముక్కులో జిగురు తుడిచి, గడ్డి పట్టి ఒళ్ళంతా రుద్దుతుంటే అది తుమ్మింది. అత్త భోరుమంది. గేదె లేచి నిలబడింది, అమ్మ దాన్ని పట్టుకెళ్ళి గుంజకి కట్టింది.

"దూడక్కూడా తర్వాత చిప్పు వెయ్యాలండీ, ఎవరి పేరున?" అన్నాడు వెంట వచ్చిన కాంపౌండరు, సమయం సందర్భం లేకుండా. అత్త ఒక్క చూపు చూసింది. వాడు సంచి సర్దుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ కాళ్ళు కడుక్కుంటూ, "రేపు ఆఫీసుకి పోదాం పద అమ్మాయ్. పేరు మార్పిస్తాను. నాకొద్దు నీ గేదె" అంది.

అత్త చేతులు చీరకి తుడుచుకుంది. "ఎందుకులే" అంది. "నీ పేరున ఉంటే నిన్నొక్కదాన్నే కనిపెట్టుకుని ఉంటే చాలు. మార్చడానికెళ్తే ఆ ఆఫీసు మొత్తాన్ని కనిపెట్టుకుని ఉండాలి."

అమ్మకి నవ్వొచ్చింది గాని ఆపుకుంది. అప్పుడు అత్త అలవాటుగా గుంజ వైపు చూసింది. దగ్గరికెళ్ళి ముడి వేళ్ళతో తడిమింది. రెండు చుట్లు, వెనక్కి లాగిన కొస, కింద నుంచి దోపు, చివర ఆ ఎవరికీ తెలియనిది. తన ముడే. కట్టింది మాత్రం అమ్మ.

"ఇది నీకెలా వచ్చు?"

అమ్మ పళ్ళెం బోర్లించినంత తేలిగ్గా చెప్పింది. "నీకు విషజ్వరం వచ్చినప్పుడు నేర్చుకున్నా. నువ్వు నిద్రపోగానే దాన్ని కాలవకి తీసుకెళ్ళి కడిగి తెచ్చేదాన్ని. నువ్వు లేచి చూస్తావని అదే ముడి వేసేదాన్ని. మొదటి రోజు కుదర్లేదు, గోళ్ళు ఊడొచ్చాయి."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే విప్పనిచ్చేదానివా?"

నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. అత్త గుంజ పట్టుకుని నిలబడింది. గట్టిపిండం, ఒక్క పొక్కు లేదు అని మురిసిపోయిన మొహం నాకు గుర్తొచ్చింది. అత్త మాత్రం థాంక్సూ చెప్పలేదు, క్షమించమనీ అనలేదు. దూడ దగ్గరికెళ్ళి మళ్ళీ గడ్డితో రుద్దడం మొదలుపెట్టింది. అమ్మ గోడ దాటి మా ఇంటివైపు వచ్చేసింది.

మర్నాడు పొద్దున అమ్మా నేనూ పాకలో పాలు తీస్తున్నాం. గోడ అవతల అత్త గుంజ దగ్గరికొచ్చింది. మొహం కడుక్కోలేదు. నిన్న అమ్మ వేసిన ముడి విప్పేసి, కొత్త ముడి వెయ్యడం మొదలుపెట్టింది. ఒళ్ళు మండి "చూశావా అమ్మా, ముడి మార్చేస్తోంది! ఇంత జరిగాక కూడా!" అన్నాను.

"అరవకే, చూడనీ" అంది అమ్మ, చెంబు కింద పెట్టి.

అప్పుడు గమనించాను. అత్త ఈసారి వీపు మావైపు తిప్పలేదు. గోడకి ఎదురుగా నిలబడి, తాడుని పైకెత్తి పట్టుకుని, ఒక్కో మెలికా నెమ్మదిగా వేస్తోంది.